ట్రుక్ బాక్ గట్టున శిలాఫలకం: మెకెయిన్, వియత్నాం సయోధ్య – ఆధారాల పరిశీలన

హనోయి నగరంలో పశ్చిమ సరస్సు పెద్దది. దాని పక్కనే ట్రుక్ బాక్ అనే చిన్న సరస్సు ఉంది. రెండింటి నడుమ తాన్ నియెన్ రోడ్డు చెరువుకట్టలా సాగుతుంది. ఆ రోడ్డు వారన, చిన్న సరస్సు వైపున, ఒక శిలాఫలకం నిలబడి ఉంది. చేతులు పైకెత్తి, తల వాల్చి, మోకాళ్ల మీద ఉన్న ఒక మనిషి బొమ్మను దాని మీద చెక్కారు. పక్కన వియత్నామీ భాషలో కొన్ని పంక్తుల రాత ఉంది. ఒక అమెరికన్ విమాన చోదకుడిని ఇక్కడ ప్రాణాలతో పట్టుకున్నామన్నది ఆ రాత సారాంశం. 2018 ఆగస్టు 25న ఆ చోదకుడు, అప్పటికి అమెరికా సెనేటర్‌గా ఉన్న జాన్ మెకెయిన్, మరణించాడు. ఆ తరువాతి రోజుల్లో హనోయి వాసులూ, అమెరికా రాయబారీ ఈ శిల ముందే పూలు ఉంచారు.

గెలుపును చాటడానికి నిలిపిన రాయి నివాళి స్థలంగా మారడాన్ని చూసి, పాత శత్రువులు ఒకరినొకరు క్షమించుకున్నారని చెప్పడం పరిపాటి అయింది. ఆ మాటను ఆధారాలు ఎంతవరకు బలపరుస్తాయో చూడడమే ఈ వ్యాసం పని. మెకెయిన్ నిర్బంధం గురించి అమెరికా వైపు కథనం, వియత్నాం వైపు కథనం ఏయే చోట్ల కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి, ఆ విభేదాలు తేలకుండానే రెండు దేశాల సంబంధాలు ఎలా కుదిరాయి అన్నవి ఇక్కడి ప్రశ్నలు.

1. ఆధారాల స్వభావం

ఆధారాలను పుట్టిన కాలాన్ని బట్టి నాలుగు తరగతులుగా విడదీయవచ్చు. (అ) 1967–68 నాటి సమకాలిక సామగ్రి: ఆసుపత్రి మంచం మీద ఉన్న మెకెయిన్‌ను ఫ్రెంచి పాత్రికేయుడు ఫ్రాన్స్వా షాలే తీసిన చిత్రం, పారిస్ శాంతి చర్చల నాటి అమెరికా దౌత్య సందేశాలు. (ఆ) 1973 మార్చిలో విడుదలైన రెండు నెలల్లోనే మెకెయిన్ ఒక అమెరికన్ వారపత్రికలో రాసిన సుదీర్ఘ వృత్తాంతం. (ఇ) చాలా ఏళ్ల తరువాత వెలువడినవి: 1999 నాటి మెకెయిన్ ఆత్మకథ, 1990ల నుంచి వియత్నాం వైపు నుంచి వినిపించిన మౌఖిక సాక్ష్యాలు. (ఈ) ప్రదర్శన కోసం తయారైనవి: సరస్సు గట్టు మీది శిల, హోవా లో జైలు మ్యూజియంలోని వస్తువులు.

వీటిలో మొదటి తరగతికి ఎక్కువ విలువ ఇవ్వడం సహజం. అయితే సమకాలికమైనదంతా సత్యమని అనుకోకూడదు. షాలే చిత్రం బందీకర్తల అనుమతితో, వారి ఎదుటే తీసినది. దాని బట్టి గాయాలు నిజమని చెప్పవచ్చు గానీ, చికిత్స ఎలా సాగిందో చెప్పలేము. నాలుగో తరగతికి తక్కువ విలువ ఇవ్వడమూ సహజమే. కానీ తప్పులున్న శాసనం కూడా శాసనమే. అందులోని తప్పు, దాన్ని చెక్కించినవారి దృష్టి ఎటు ఉందో తెలుపుతుంది.

2. శిల మీది పాఠం

శిల పాఠంలో పరిశీలించదగిన అంశాలు ఐదు.

మొదటిది తేదీ. శిల 1967 అక్టోబరు 26 అంటుంది. మెకెయిన్ చెప్పిన తేదీ కూడా అదే. ఇందులో వివాదం లేదు.

రెండోది స్థలం. యెన్ ఫు విద్యుత్ కేంద్రం దగ్గర విమానం కూలిందని శిల చెబుతుంది. హనోయి నడిబొడ్డున ఉన్న థర్మల్ విద్యుత్ కేంద్రమే తన లక్ష్యమనీ, అది తన ఇరవై మూడో దాడి అనీ, క్షిపణి తగిలి కుడి రెక్క తెగిపోయిందనీ మెకెయిన్ చెప్పాడు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డురావు.

మూడోది పేరు. శిల మీద ఇంటిపేరు ‘మా కాన్’ అని రెండు ముక్కలైంది. మొదటి పేర్లూ గుర్తుపట్టలేనంతగా మారాయి. దీన్ని అవమానంగా తీసుకోవడం తొందరపాటు అవుతుంది. పరాయి పేరు ఏ నేలకు వచ్చినా ఆ నేల నాలుకకు తగ్గట్టు వంగుతుంది. రాయలసీమలో కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో పేరు మన్రోలప్ప, మన్రోలయ్య అయి బిడ్డలకు పెట్టుకునే పేరుగా మారింది. అక్కడ వక్రత వెనుక ఉన్నది అభిమానం. కాబట్టి అక్షరాలు వంకర తిరిగినంత మాత్రాన ద్వేషం ఉందనడానికి వీలు లేదు.

నాలుగోది ఆ పేరు ముందున్న మాట. ప్రచారంలో ఉన్న పాఠం ప్రకారం, పేరుకు ముందు ‘తెన్’ అనే పదం ఉంది. ఆ పదానికి ‘పేరు’ అన్నది మామూలు అర్థం. మనుషుల్ని సూచిస్తూ వాడినప్పుడు నేరస్థులకూ శత్రువులకూ తగిలించే తేలికమాట అవుతుంది. తెలుగులో ‘గారు’ తీసేసి ‘వాడు’ తగిలించినట్టు ఉంటుంది. శిల స్వరం తెలియాలంటే అక్షరాలను కాక ఈ చిన్న మాటను చూడాలి.

ఐదోది సేనా విభాగం. మెకెయిన్ నౌకాదళ అధికారి. 1958లో నౌకాదళ అకాడమీ నుంచి పట్టా తీసుకున్నాడు. ఆ రోజు ఒరిస్కనీ అనే విమానవాహక నౌక నుంచి ఎ-4 విమానంలో బయలుదేరాడు. తాత, తండ్రి ఇద్దరూ నౌకాదళ అడ్మిరల్స్. శిల మాత్రం అతన్ని అమెరికా వైమానికదళపు మేజరు స్థాయి అధికారి అంటుంది. హోదా సరిగ్గానే ఉంది, దళమే తప్పింది. ఆకాశం నుంచి దిగినవాడు వైమానికదళం వాడే అయి ఉంటాడని స్థానికులు అనుకొని ఉండవచ్చు. ఈ తప్పు గురించి మెకెయిన్ తరువాతి కాలంలో హాస్యంగానే ప్రస్తావించేవాడు.

శిల ఎప్పుడు నిలిపారన్న ప్రశ్నకు ఒక తుది హద్దు గీయవచ్చు. సైగాన్ పతనానికి పదేళ్లయిన సందర్భంగా, 1985లో టెలివిజన్ పాత్రికేయుడు వాల్టర్ క్రాంకైట్‌తో కలిసి హనోయి వెళ్లినప్పుడు మెకెయిన్ దీన్ని చూశాడు. అప్పటికి రెండు దేశాల మధ్య దౌత్య సంబంధాలు లేవు, వాణిజ్య నిషేధం అమల్లో ఉంది. అంటే ఈ శిల సయోధ్య కాలంలో పుట్టినది కాదు, దానికి ముందే ఉంది.

3. నీటిలోంచి లాగినది ఎవరు?

ఈ ఘట్టానికి కనీసం మూడు పాఠాంతరాలు ఉన్నాయి.

(అ) 1973 వృత్తాంతం: విమానం నుంచి బయటపడే వేగానికి రెండు చేతులూ, కుడి మోకాలూ విరిగాయి. బరువైన సామగ్రితో నీటిలో మునిగిన మెకెయిన్‌ను కొందరు వియత్నామీలు ఈది వచ్చి ఒడ్డుకు లాగారు. గుమిగూడిన జనం బట్టలు ఊడబెరికారు. ఒకరు తుపాకీ మడమతో భుజం విరగ్గొట్టారు, మరొకరు పాదం దగ్గర బాయొనెట్‌తో పొడిచారు.

(ఆ) 1999 ఆత్మకథ: పై వివరాలకు తోడు ఒక స్త్రీ ప్రస్తావన ఉంది. ఆమె నర్సు కావచ్చునని మెకెయిన్ ఊహించాడు. ఆమె జనాన్ని గద్దించి ఆపి, వెదురు బద్దలతో కట్టు కట్టింది.

(ఇ) స్థానిక సాక్ష్యం: సరస్సు పక్కన నివసించిన ఒక వ్యక్తి, వెదురు గడ ఆసరాగా ఈది వెళ్లి తానే కాపాడాననీ, జనం కొట్టబోతే అడ్డుకున్నాననీ చెప్పాడు. 1996లో మెకెయిన్ హనోయిలో అతన్ని కలిసి, సెనేట్ ముద్ర ఉన్న జ్ఞాపికను ఇచ్చాడు. తరువాత మరికొందరి పేర్లు కూడా పత్రికల్లోకి వచ్చాయి.

ఈ మూడింటినీ పోల్చినప్పుడు, ఒకటి నిజమైతే మిగతావి అబద్ధం కావాలన్న అవసరం కనిపించదు. 1973 వృత్తాంతంలోనే రక్షకులు బహువచనంలో ఉన్నారు. స్పృహ తప్పుతూ తేరుకుంటున్న క్షతగాత్రుడు ఎవరి ముఖాన్నీ గుర్తుపెట్టుకోలేకపోవడం సహజం. పైగా స్థానిక సాక్ష్యం దాదాపు మూడు దశాబ్దాల తరువాత, మెకెయిన్ ప్రసిద్ధుడైన తరువాత వెలుగులోకి వచ్చింది. అంత ఆలస్యంగా వచ్చిన సాక్ష్యానికి పరిశోధకుడు కొంత తరుగు తీయక తప్పదు. ఆ తరుగు తీసేశాక కూడా మిగిలే సారం ఒకటుంది: అదే ఒడ్డున, అదే కొద్ది నిమిషాల్లో, ఒకరు పొడిచారు, ఒకరు కాపాడారు. 1996 నాటి భేటీని రక్షకుడెవరో తేల్చిన తీర్పుగా తీసుకోవడానికి వీలు లేదు. అది ఒక కృతజ్ఞతా సూచన మాత్రమే.

4. హోవా లో: రెండు సాక్ష్యాలు

హోవా లో ఫ్రెంచి పాలకులు పందొమ్మిదో శతాబ్దం చివర కట్టిన జైలు. అమెరికన్ ఖైదీలు వెటకారంగా ‘హనోయి హిల్టన్’ అన్నది దీన్నే. 1990లలో చాలా భాగం కూల్చి ఎత్తైన భవనాలు కట్టారు. ముందరి భాగం మ్యూజియంగా మిగిలింది. అందులో ఎక్కువ చోటు ఫ్రెంచి కాలపు వియత్నామీ ఖైదీలకే దక్కింది. గిలటిన్ యంత్రమూ అక్కడే ఉంది. అమెరికన్ల గదుల్లో చదరంగం, బాస్కెట్‌బాల్ ఆడుతున్న, క్రిస్మస్ జరుపుకుంటున్న ఖైదీల ఫొటోలు కనిపిస్తాయి. మెకెయిన్‌దని చెబుతూ ఒక విమాన చోదక దుస్తును అద్దాల వెనుక ఉంచారు.

ఆ దుస్తు విషయంలో సందేహానికి చోటుంది. గట్టు మీదే జనం తన బట్టలు చించి తీసేశారని మెకెయిన్ 1973లోనే చెప్పాడు. ప్రదర్శనలో ఉన్నది చినగని నిండు దుస్తు. దుస్తు వేరొకరిది కావచ్చు, నమూనా కోసం పెట్టినది కావచ్చు. వృత్తాంతమే అతిశయోక్తి అనే వాదన కూడా తర్కానికి అసాధ్యం కాదు. కానీ వృత్తాంతం ముందు పుట్టింది, ప్రదర్శన తరువాత వచ్చింది. అందువల్ల మొదటి రెండు వివరణలే ఎక్కువ సంభావ్యం.

అసలు వివాదం చిత్రహింస గురించి. జైలులో పనిచేసిన ఒక మాజీ అధికారి, 2008 అమెరికా అధ్యక్ష ఎన్నికల కాలంలో విలేకరులతో మాట్లాడుతూ, హింస జరగలేదనీ తామిద్దరం చర్చలు చేసుకునేవాళ్లమనీ అన్నాడు. మెకెయిన్ చెప్పినది దీనికి పూర్తిగా విరుద్ధం. 1968 ఆగస్టు చివర రోజుల తరబడి కొట్టి, తాళ్లతో కట్టి, తనతో నేరాంగీకారం రాయించుకున్నారనీ, రెండేళ్లకు పైగా ఏకాంతంలో ఉంచారనీ అతను చెప్పాడు.

ఈ వైరుధ్యాన్ని తూచడానికి మూడు ఆధారాలు పనికివస్తాయి.

(అ) మెకెయిన్ శరీరం. అతను జీవితాంతం చేతులు భుజాల పైకి ఎత్తలేకపోయాడు. దీన్ని తరచు హింసకు రుజువుగా చూపుతారు. కానీ విమానం నుంచి బయటపడేటప్పుడే చేతులు విరిగాయి గనుక, ఏ గాయం ఎప్పటిదో ఈ ఒక్క ఆధారంతో విడదీయలేము.

(ఆ) ఇతర ఖైదీల సాక్ష్యం. 1966లో ప్రచారం కోసం తీసిన టెలివిజన్ ఇంటర్వ్యూలో జెరెమయా డెంటన్ అనే నౌకాదళ అధికారి, కెమెరా ముందు కనురెప్పలు ఆడిస్తూ మోర్స్ సంకేతాల్లో ‘చిత్రహింస’ అన్న మాటను అక్షరం అక్షరంగా పలికించాడు. ఇది సమకాలికం. తీసినవారికే తెలియకుండా వారి చిత్రంలోనే నమోదైంది. ఒక వ్యక్తి విషయాన్ని ఇది నేరుగా రుజువు చేయకపోయినా, ఆ జైళ్లలో అలాంటి పద్ధతి ఉండేదనడానికి బలమైన సాక్ష్యం.

(ఇ) ముందస్తు విడుదల వ్యవహారం. 1968 జూలైలో మెకెయిన్ తండ్రి పసిఫిక్ ప్రాంత అమెరికా బలగాలకు అధిపతి అయ్యాడు. ఆ రోజుల్లోనే కుమారుడిని విడిచిపెడతామన్న ప్రతిపాదన వచ్చింది. ముందు పట్టుబడినవారు ముందు వెళ్లాలన్న నియమం చెప్పి అతను నిరాకరించాడు. ఇది అతను చెప్పుకున్న మాట మాత్రమే అయితే జాగ్రత్తగా చూడవలసి వచ్చేది. అయితే పారిస్ చర్చల్లో అమెరికా ప్రతినిధి ఏవరెల్ హారిమన్ 1968 సెప్టెంబరులో పంపిన సందేశం ఒకటి ఉంది. అడ్మిరల్ కొడుకును వదలాలనుకున్నామనీ, అతనే ఒప్పుకోలేదనీ వియత్నాం నాయకుడు లె డుక్ థో తేనీటి విరామంలో చెప్పినట్టు అందులో నమోదైంది. ప్రత్యర్థి నోటి నుంచి, ఆనాడే, తన పక్షానికి గొప్ప తెచ్చిపెట్టని సంగతి వెలువడింది. సాక్ష్య విచారణలో ఇంతకంటె గట్టి బలపరుపు అరుదు.

ఒక విషయంలో మెకెయిన్ మాటను ప్రత్యర్థి సాక్ష్యమే నిలబెట్టింది గనుక, మిగతా విషయాల్లోనూ అతని 1973 వృత్తాంతానికి మొగ్గు ఇవ్వడం సమంజసం. అయినా వియత్నాం అధికారిక వైఖరి మారలేదు. మ్యూజియం గోడల మీద ఖైదీలు చదరంగం ఆడుతూనే ఉన్నారు.

5. ‘క్షమించాడు’ అన్న మాట

క్షమాకథకు అడ్డుపడే ఆధారాలు మెకెయిన్ మాటల్లోనే ఉన్నాయి. 2000 ఫిబ్రవరిలో, అధ్యక్ష పదవి కోసం పార్టీలో పోటీపడుతున్నప్పుడు, తనను హింసించిన జైలర్లను ఒక జాతిదూషణ పదంతో పిలిచి, బతికినంత కాలం ద్వేషిస్తానన్నాడు. ఆ మాట హింసించినవారికే పరిమితమని మొదట సమర్థించుకున్నాడు. ఆసియా మూలాలున్న అమెరికన్ల నుంచి నిరసన రావడంతో ఆ పదాన్ని మానేశాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో, యుద్ధం ముగిసి పాతికేళ్లయిన సందర్భంగా హోచిమిన్ నగరంలో ఉండగానే, గెలవకూడనివారు గెలిచారన్న అర్థంలో మాట్లాడాడు. వియత్నాం విదేశాంగ శాఖ అభ్యంతరం తెలిపింది.

ఈ తేదీలను పట్టించుకోవాలి. సంబంధాల పునరుద్ధరణకు మెకెయిన్ చేయదగిన పని అంతా అప్పటికే పూర్తయి ఐదేళ్లయింది. అంటే ద్వేషం తొలగిపోయాకే సయోధ్యకు పూనుకున్నాడన్న క్రమం ఆధారాలకు సరిపోదు. వ్యక్తుల మీద కోపం నిలుపుకుంటూనే దేశంతో వ్యవహారం చక్కబెట్టాడనడం, ఉన్న సాక్ష్యానికి దగ్గరగా ఉంటుంది.

6. కమిటీ గది: 1991–93

క్షమ కాకపోతే ఏ దారిన సయోధ్య వచ్చినట్టు? ఈ ప్రశ్నకు ఆచూకీ తెలియని సైనికుల వ్యవహారం కొంత జవాబిస్తుంది.

1973లో 591 మంది అమెరికన్ ఖైదీలు తిరిగి వచ్చారు. మరో 2,600 మందికి పైగా లెక్క తేలలేదు. వారిలో కొందరిని వియత్నాం రహస్యంగా బంధించి ఉంచిందన్న నమ్మకం అమెరికాలో బలంగా పాతుకుంది. సినిమాలు దాన్ని పెంచి పోషించాయి. ఆ అనుమానం తొలగనిదే ఏ అధ్యక్షుడూ వియత్నాంతో చేయి కలపలేని స్థితి. 1987లో జనరల్ జాన్ వెస్సీ ప్రత్యేక దూతగా హనోయితో మాటలు మొదలుపెట్టాడు. 1991లో సెనేట్ ఒక ప్రత్యేక కమిటీని నియమించింది. అధ్యక్షుడు జాన్ కెరీ, ఉపాధ్యక్షుడు బాబ్ స్మిత్, సభ్యుల్లో ఒకడు మెకెయిన్.

కెరీ, మెకెయిన్‌ల జోడీ గమనించదగినది. కెరీ మెకాంగ్ నదీముఖ ప్రాంతంలో పడవ నడిపిన నౌకాదళ అధికారి. తిరిగి వచ్చి యుద్ధ వ్యతిరేకి అయ్యాడు. 1971 ఏప్రిల్‌లో సెనేట్ ముందు యుద్ధానికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాడు. అప్పటికి మెకెయిన్ హనోయిలో బందీ. 1984లో కెరీ సెనేట్‌కు పోటీ చేసినప్పుడు మెకెయిన్ అతనికి వ్యతిరేకంగా ప్రచారం చేశాడు. 1991లో ఒక సుదీర్ఘ విమాన ప్రయాణంలో ఎదురెదురు సీట్లలో కూర్చోవలసి వచ్చి, రాత్రంతా మాట్లాడుకున్నారన్నది ఇద్దరూ చెప్పిన సంగతి. ఒకే దేశపు రెండు శిబిరాల మధ్య ఈ మొదటి సయోధ్య కుదరకపోతే, రెండు దేశాల మధ్య రెండోది కుదిరేదా అన్నది ఆలోచించదగిన ప్రశ్న.

1993 జనవరిలో వెలువడిన కమిటీ నివేదిక భాషే జాగ్రత్తకు ఒక నమూనా. 1973లో కొద్దిమంది వెనకబడి ఉండవచ్చునన్న అవకాశాన్ని అది కొట్టిపారేయలేదు. కానీ ఆ నాటికి ఆగ్నేయాసియాలో ఒక్క అమెరికన్ అయినా బందీగా సజీవంగా ఉన్నాడని ఒప్పించగల సాక్ష్యం లేదని తేల్చింది. నిజాన్ని దాచారని కొన్ని కుటుంబాలూ ఉద్యమకారులూ కమిటీని, ప్రత్యేకించి మెకెయిన్‌ను, తప్పుపట్టారు. ఉపాధ్యక్షుడు స్మిత్ కూడా వియత్నాం యుద్ధకాలంలో నౌకాదళంలో పనిచేసినవాడే. అతను ఆ తరువాత సంబంధాల పునరుద్ధరణను వ్యతిరేకించాడు. కాబట్టి మాజీ సైనికులు సహజంగానే శాంతివైపు మొగ్గుతారన్న సాధారణీకరణ ఇక్కడే వీగిపోతుంది.

7. నిషేధం నుంచి రాయబారం వరకు

నివేదిక తరువాతి క్రమం తేదీలతో సహా స్పష్టంగా ఉంది.

(అ) 1994 జనవరి 27: వాణిజ్య నిషేధం ఎత్తివేతను సమర్థిస్తూ కెరీ, మెకెయిన్ ముందుకు తెచ్చిన ప్రతిపాదనను సెనేట్ 62–38 ఓట్లతో ఆమోదించింది. దానికి కట్టుబడవలసిన నిర్బంధం అధ్యక్షుడికి లేదు.

(ఆ) 1994 ఫిబ్రవరి 3: అధ్యక్షుడు బిల్ క్లింటన్ నిషేధం ఎత్తివేశాడు.

(ఇ) 1995 జూలై 11: దౌత్య సంబంధాల పునరుద్ధరణను ప్రకటించాడు. మెకెయిన్, కెరీ పక్కన నిలబడ్డారు.

(ఈ) 1997 మే: మొదటి అమెరికా రాయబారిగా పీట్ పీటర్సన్ హనోయి చేరాడు. అతనూ 1966 సెప్టెంబరులో విమానం కూలి, ఆరేళ్లకు పైగా బందీగా ఉన్నవాడే. ఆ ఏడాదే తనను పట్టుకున్న ఆన్ డోయాయి గ్రామానికి వెళ్లి ఆ మనుషుల్నే కలిశాడు.

నిషేధం ఎత్తివేతకు కేవలం వారం ముందు సెనేట్ ఓటింగు జరగడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. క్లింటన్ యుద్ధంలో పాల్గొననివాడు, ఆ విషయమై విమర్శలు ఎదుర్కొన్నవాడు. ప్రతిపక్షానికి చెందిన మాజీ యుద్ధఖైదీ బాహాటంగా సమర్థించడం అతనికి రాజకీయంగా రక్ష అయిందని భావించవచ్చు. అయితే ఇదొక్కటే కారణమనలేము. వియత్నాం 1986లో ఆర్థిక సంస్కరణలు మొదలుపెట్టింది. 1989లో కంబోడియా నుంచి సేనలను వెనక్కి తీసుకుంది. సోవియట్ ఆసరా కూలిపోయింది. ఆ మార్కెట్టు కోసం అమెరికన్ కంపెనీలు తొందరపడుతున్నాయి. తలుపు తెరుచుకునే కాలం వచ్చింది. గడప దాటే సాహసం మాజీ సైనికులు చేశారు. ఇంతవరకే చెప్పడం సురక్షితం.

8. మట్టి జల్లెడ

సయోధ్య రోజువారీ రూపం సభల్లో కంటె తవ్వకాల్లో బాగా కనబడుతుంది. విమానం కూలిందని తెలిసిన కొండవాలు మీద నేలను గళ్లుగా కొలిచి తాళ్లు కడతారు. గ్రామస్థులు వరుసగా నిలబడి మట్టి బకెట్లను చేతులు మారుస్తారు. వైర్‌మెష్ జల్లెడ మీద మట్టి పోసి, నీళ్లు కొట్టి, వేళ్లతో వెతుకుతారు. ఒక పన్ను, ఎముక తునక, జిప్పు ముక్క, బూటు అట్ట దొరికితే అదే పెద్ద ఫలితం. వాటిని హవాయిలోని ప్రయోగశాలకు పంపి గుర్తిస్తారు. ఇలా వెయ్యిమందికి పైగా అమెరికన్ల లెక్క తేలింది. 1,500 మందికి పైగా ఇంకా మిగిలారు.

2001 ఏప్రిల్ 7న ఈ పని మీద వెళ్తున్న హెలికాప్టరు క్వాంగ్ బిన్ రాష్ట్రంలో కొండను ఢీకొంది. ఏడుగురు అమెరికన్లు, తొమ్మిదిమంది వియత్నామీలు చనిపోయారు. యుద్ధం ముగిసిన పాతికేళ్లకు, యుద్ధంలో పోయినవారి ఎముకల కోసం, రెండు దేశాలవారు ఒకే వాహనంలో కలిసి మరణించారు. క్షమ అన్న మాటకంటె ఈ సంఘటన బరువైన ఆధారం.

అవతలి వైపు లెక్క మరీ పెద్దది. ఆచూకీ తేలని వియత్నామీ సైనికులు సుమారు 3 లక్షలన్నది తరచు చెప్పే అంచనా. 1994 నుంచి అమెరికన్ మాజీ సైనికుల సంఘం ఒకటి, తమ సభ్యుల ఇళ్లల్లో పడి ఉన్న డైరీలు, మ్యాపులు, సామూహిక ఖననాల గుర్తులు సేకరించి వియత్నాంకు అందజేస్తూ వచ్చింది. శవాల మీద నుంచి జ్ఞాపికలుగా తీసుకున్న కాగితాలే ఇప్పుడు సమాధులు వెతికే ఆధారాలయ్యాయి.

ప్రత్యర్థి సాక్ష్యం పాత వివాదాన్ని ఎలా సవరించగలదో చెప్పే మరో ఉదాహరణ కెరీది. 1969లో అతను కాల్చి చంపిన వియత్నాం గెరిల్లా పిల్లవాడని 2004 ఎన్నికల్లో ప్రత్యర్థులు ప్రచారం చేశారు. 2017 జనవరిలో విదేశాంగ మంత్రిగా అదే నదీ తీరానికి వెళ్లినప్పుడు, ఆ రోజు అవతలి ఒడ్డున పోరాడిన ఒక వృద్ధుడు, చనిపోయినవాడికి ఇరవై నాలుగేళ్లని, తర్ఫీదు పొందిన యోధుడని చెప్పాడు. స్వదేశంలో తేలని తగవుకు సాక్ష్యం శత్రుపక్షం నుంచి వచ్చింది. దాదాపు యాభై ఏళ్ల నాటి జ్ఞాపకం గనుక దీనికీ తరుగు తీయాలి. అయినా చెప్పినవాడికి అబద్ధమాడే అవసరం కనిపించదు.

9. ఒక చేప, ఒక చట్టం

తరువాతి ప్రజాజీవితంలో మెకెయిన్ వియత్నాం పక్షాన నిలిచిన ఘట్టంగా చేపల వివాదాన్ని చెబుతారు. వియత్నాం నుంచి చవకగా వచ్చే ట్రా, బాసా చేపలకు ‘క్యాట్‌ఫిష్’ అన్న పేరు వాడకుండా చేయాలని అమెరికా దక్షిణాది చేపల రైతులు పట్టుబట్టారు. 2001లో మెకెయిన్ సెనేట్‌లో దాన్ని వ్యతిరేకించాడు, కానీ చట్టం వచ్చింది. ఆ దిగుమతులపై ప్రత్యేక తనిఖీని రద్దు చేయాలన్న అతని తీర్మానం 2016 మే నెలలో సెనేట్‌లో 55–43తో నెగ్గింది. తెలుగు పాఠకులకు ఈ చేప కొత్తదేమీ కాదు. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో రైతులు ‘ఫంగస్’ అని పిలిచి పెంచేది ఆ ట్రా జాతినే. అయితే మెకెయిన్ మొదటి నుంచీ స్వేచ్ఛా వాణిజ్యవాది. కాబట్టి ఈ ఘట్టాన్ని సయోధ్య ఖాతాలో పూర్తిగా వేయడం న్యాయం కాదు.

నిర్బంధ అనుభవానికి మరింత సూటిగా ముడిపడినది 2005 నాటి సవరణ. అమెరికా చేతిలోని బందీల పట్ల క్రూర, అమానుష ప్రవర్తనను నిషేధించే ఆ సవరణను మెకెయిన్ ప్రవేశపెట్టాడు. సెనేట్ 90–9తో ఆమోదించింది. అధికారంలో ఉన్నది తన పార్టీయే అయినా వెనక్కి తగ్గలేదు. హోవా లోలో నేర్చిన పాఠాన్ని అతను శత్రువు మీద కంటె తన ప్రభుత్వం మీదే ఎక్కువ ప్రయోగించాడని ఈ ఆధారం బట్టి అనవచ్చు.

10. తేలిన అంశాలు

(అ) 1967 అక్టోబరు 26 నాటి ఘటన తేదీ, స్థలం, చోదకుడి గుర్తింపు విషయంలో రెండు పక్షాలూ ఏకీభవిస్తాయి. రక్షకుడి గుర్తింపు, ప్రదర్శనలోని దుస్తు, జైలులో జరిగినది అన్న మూడు అంశాల్లో ఏకాభిప్రాయం లేదు.

(ఆ) సమకాలిక ఆధారాల మొగ్గు మెకెయిన్ వృత్తాంతం వైపే ఉంది. అయినా దాన్ని ఒప్పుకొమ్మని వియత్నాంను ఒత్తిడి చేయడం, సంబంధాల పునరుద్ధరణకు షరతు కాలేదు.

(ఇ) వ్యక్తిగత క్షమ సయోధ్యకు కారణమైందనడానికి ఉన్న ఆధారాలు బలహీనం. 2000 నాటి మాటలు దానికి వ్యతిరేకంగానే ఉన్నాయి.

(ఈ) రెండు పక్షాలూ ఒప్పుకున్నది గతం గురించిన ఒకే కథను కాదు, గతాన్ని వెతికే పద్ధతిని: పత్రాలు తెరవడం, స్థలాలు చూపడం, కలిసి తవ్వడం. మాజీ సైనికుల ప్రజాసేవ విలువ, ఆ పద్ధతికి తమ పరపతిని హామీగా పెట్టడంలో ఉంది.

తెలుగులో ‘లెక్క తేల్చుకోవడం’ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి పగ తీర్చుకోవడం. రెండోది ఖాతా సరిచూసుకోవడం. ట్రుక్ బాక్ గట్టు మీది శిల మొదటి అర్థంలో నిలిపినది. కొండవాలుల మీద మట్టి జల్లెడ పట్టినవారు రెండో అర్థంలో పనిచేశారు. మొదటి అర్థం నుంచి రెండో అర్థానికి జరగడాన్నే ఈ సందర్భంలో సయోధ్య అనవలసి ఉంటుంది. ఆ రెండో లెక్కలో అమెరికా వైపు 1,500 పైచిలుకు పేర్లు, వియత్నాం వైపు లక్షల పేర్లు ఇంకా మిగిలే ఉన్నాయి.